రోడ్డు మారాలంటే ముందు మనుషుల్ని లెక్కపెట్టండి

ఒక రోడ్డును వెడల్పు చేయాలా, బస్సుకు వేరే లేన్ ఇవ్వాలా, సిగ్నల్ దగ్గర నడిచేవాళ్లకు ఇంకో 10 సెకన్లు ఎక్కువ ఇవ్వాలా అన్నది చాలాసార్లు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట మీదే తేలిపోతుంది. ఇది మారడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. కాగితం, పెన్ను, ఓపికున్న నలుగురు మనుషులు ఉంటే మీ వీధికో, కాలేజీకో, ఆఫీసుకో సంబంధించిన చిన్న అధ్యయనం మీరే చేసేయొచ్చు. అది ఎలాగో, వేరేవాళ్లు తెచ్చి చూపించే లెక్కల్ని ఎలా చదవాలో రాస్తున్నాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది: మనం దేన్ని లెక్కపెడతామో చివరికి దానికే చోటు దొరుకుతుంది. బళ్లను లెక్కపెడితే బళ్లకు, మనుషుల్ని లెక్కపెడితే మనుషులకు.

ముందు ప్రశ్న, తర్వాతే లెక్క

"ఇక్కడ ట్రాఫిక్ ఎలా ఉంది" అనేది ప్రశ్న కాదు, దానికి ఎన్ని అంకెలు పోగేసినా జవాబు రాదు. "పొద్దున 8 నుంచి 9 మధ్య ఈ జంక్షన్ దాటడానికి నడిచేవాళ్లు ఎంతసేపు ఆగాల్సి వస్తోంది", ఇదీ ప్రశ్న. దాని కిందే ఇంకో వాక్యం రాసుకోండి: ఎలాంటి జవాబు వస్తే మీరు అడగాలనుకున్నది మార్చుకుంటారు? ఏ జవాబు వచ్చినా మీ డిమాండ్ మారదంటే ఎండలో నిలబడి లెక్కపెట్టే శ్రమ ఎందుకు, నేరుగా అర్జీ రాసేయండి.

రోడ్డు పక్కన నిలబడి లెక్కపెట్టడం

రోడ్డుకు అడ్డంగా ఒక గీత ఉందనుకోండి. దాన్ని దాటిన ప్రతి మనిషికీ, ప్రతి బండికీ కాగితం మీద ఒక గీత. నడిచేవాళ్లు, సైకిళ్లు, బైకులు, కార్లు, బస్సులు, సరుకు బళ్లు అని నిలువు గడులు పెట్టి, అడ్డ వరుసలు 15 నిమిషాలకు ఒకటి చొప్పున గీసుకోండి. గంట మొత్తానికి ఒకే అంకె వేస్తే, 15 నిమిషాలు ఊపిరాడనంత రద్దీగా ఉండి మిగతా 45 నిమిషాలు రోడ్డు దాదాపు ఖాళీగా ఉందన్న సంగతి దాంట్లో కలిసిపోతుంది. ఒక్కో దిశకు ఒక మనిషి ఉండాలి, గంటకోసారి మార్చాలి, ఎందుకంటే అలసిపోయిన కళ్లు మొదట వదిలేసేది పక్కనుంచి నడిచి వెళ్లేవాళ్లనే.

ఎంతమంది ప్రయాణిస్తున్నారన్నది కూడా రాయాలి, ఇది చాలామంది వదిలేస్తారు. ప్రతి కారులోకీ తొంగిచూడలేరు కాబట్టి ప్రతి 10వ కారులో ఎంతమంది ఉన్నారో చూసి సగటు తీయండి. బస్సుకైతే ఖాళీ, సీట్లు నిండాయి, కొందరు నిలబడ్డారు, కిక్కిరిసింది అని నాలుగు గుర్తులు పెట్టుకుని, ఒక్కో గుర్తుకు సుమారుగా ఎంతమందో ముందే ఒకసారి బస్సెక్కి చూసుకోండి.

ఈ శ్రమ ఎందుకో ఒక ఊహా లెక్కతో చూడండి. గంటలో 1,000 కార్లు, 30 బస్సులు వెళ్లాయి. కారుకు 1.3 మంది, బస్సుకు 40 మంది. బళ్ల లెక్కలో బస్సుల వాటా 3 శాతం కూడా లేదు. మనుషుల లెక్కలో చూస్తే కార్లలో 1,300 మంది, బస్సుల్లో 1,200 మంది, అంటే దాదాపు సగం సగం. రోడ్డు అదే, గంట అదే, కానీ బస్సు లేన్ అడిగేటప్పుడు ఈ రెండు లెక్కల్లో ఏది టేబుల్ మీద ఉందన్న దాన్నిబట్టి నిర్ణయం తారుమారవుతుంది.

రోజుల విషయానికొస్తే, సాధారణంగా మంగళ, బుధ, గురువారాల్లో, బడులు నడుస్తున్నప్పుడు లెక్కిస్తారు. అది సరే, కానీ ఒక సెలవు రోజు, ఒక వాన రోజు, ఒక రాత్రి వేళ కూడా చూడండి. ఆ రోజు వాతావరణం, పక్కన ఎక్కడైనా రోడ్డు తవ్వుతున్నారా అన్నది కాగితం పైన రాసిపెట్టండి.

కనబడనివాళ్ల సంగతి

ఆ దారిలో సైకిలు మీద ఒక్కరూ రాలేదంటే సైకిలు అవసరం ఎవరికీ లేదని అర్థం కాదు, భయపడి మానేసి ఉండొచ్చు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఫుట్‌పాత్ మీద కనబడకపోవడానికి ఆ ఫుట్‌పాతే కారణం కావచ్చు. వీళ్లు లెక్కలోకి రావాలంటే వేరే రకంగా చూడాలి. మీ జంక్షన్‌కు అటూ ఇటూ 200 మీటర్ల వరకు, దాటడానికి గీతలు గీసిన చోట కాకుండా ఎక్కడెక్కడ జనం రోడ్డు దాటుతున్నారో మ్యాప్ మీద చుక్కలు పెట్టండి. గడ్డిలో కాలిబాట పడి ఉంటే అదీ ఒక డేటానే. బడి గేటు దగ్గర తల్లిదండ్రుల్ని "పిల్లల్ని నడిపించి పంపడానికి అడ్డం వస్తున్న చోటు ఏది" అని అడగండి, మీ ట్యాలీ షీట్లలో లేని విషయాలు బయటికొస్తాయి.

సర్వేలో "చేస్తారా" అని అడక్కండి

"మంచి బస్సు వేస్తే ఎక్కుతారా" అంటే అందరూ ఎక్కుతామనే అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, అప్పటికి వాళ్ల ఉద్దేశం నిజంగా అదే. కానీ ఆ జవాబుల మీద బస్సులు కొంటే ఖాళీగా తిరుగుతాయి. దానికి బదులు నిన్నటి రోజు అడగండి: ఇంట్లోంచి మొదట ఎప్పుడు బయటికొచ్చారు, ఎక్కడికి, దేంట్లో, ఎవరితో, ఎంతసేపు పట్టింది, అక్కణ్నుంచి ఎక్కడికి, అలా మళ్లీ ఇంటికి చేరేదాకా.

ఇది పాత పాఠమే. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ రైలు 1972లో మొదలైంది. అది రాకముందే ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం, జనం అప్పటికే చేస్తున్న ప్రయాణాలు, పడుతున్న సమయం, పెడుతున్న ఖర్చు తీసుకుని, వాటి నుంచి మొత్తం ప్రయాణికుల్లో ఎంత శాతం మంది రైలు ఎక్కుతారో అంచనా కట్టింది. అధికారిక అంచనా 15 శాతం, వీళ్లది 6.3 శాతం, చివరికి తేలింది 6.2 శాతం. జనం దేన్ని ఎలా ఎంచుకుంటారో చెప్పే ఈ సిద్ధాంతానికే మెక్‌ఫాడెన్‌కు 2000లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇంకో జాగ్రత్త. "ఆఫీసుకు ఎలా వెళ్తారు" అని ఒక్క ప్రశ్నతో సరిపెడితే పిల్లల్ని దింపడం, మందులు తేవడం, ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం లాంటి ప్రయాణాలన్నీ మాయమైపోతాయి. ఒకదానికొకటి గొలుసులా ఉండే ఈ తిరుగుళ్ల భారం ఆడవాళ్ల మీదే ఎక్కువ పడుతుంది, కాబట్టి ప్రశ్నలోనే అన్యాయం జరిగిపోతుంది. అలాగే బస్టాపులో మాత్రమే అడిగితే బస్సెక్కేవాళ్లే దొరుకుతారు, బస్సు మానేసినవాళ్లు దొరకరు. ఆన్‌లైన్ ఫామ్ ఒక్కటే పెడితే ఫోను వాడనివాళ్లు పోతారు. కనీసం మూడు చోట్ల అడగండి.

సగటును చూసి మోసపోవద్దు

"ఈ రూట్లో సగటున 10 నిమిషాలకో బస్సు ఉంది" అంటారు. సరిగ్గా 10 నిమిషాలకొకటి వస్తే, ఎప్పుడుపడితే అప్పుడు వచ్చే ప్రయాణికుడు సగటున 5 నిమిషాలు ఆగుతాడు. అవే బస్సులు 20 నిమిషాలకోసారి జంటగా ఒకదాని వెనక ఒకటి వస్తే గంటకు ఆరు బస్సులు అలాగే ఉంటాయి, కాగితం మీద అంకె మారదు, కానీ ఆగాల్సింది 10 నిమిషాలవుతుంది. పైగా మొదటి బస్సు కిక్కిరిసి, రెండోది ఖాళీగా వెళ్తుంది. అందుకే బస్సులు ఎన్ని అని కాకుండా ఒక్కో బస్సు వచ్చిన సమయం రాయండి, మధ్య ఖాళీలు చూడండి. రోడ్డు మీద వేగమైనా అంతే: సగటుతో పాటు అందరికంటే వేగంగా వెళ్లే 15 శాతం బళ్లు ఎంత వేగంతో పోతున్నాయో తెలియాలి. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే గంటకు రెండు మూడు కిలోమీటర్ల తేడాను కూడా తీసిపారేయకూడదు.

వేరేవాళ్ల అంచనాలు చదివేటప్పుడు

పెద్ద ప్రాజెక్టు రిపోర్టు చేతికొస్తే ముందు దాని ఊహలు వెతకండి: టికెట్ ధర ఎంతనుకున్నారు, స్టేషన్ దాకా జనం ఎలా వస్తారనుకున్నారు, ఎన్నో సంవత్సరం లెక్క అది. పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యా, ఆయన సహచరులు 14 దేశాల్లోని 210 ప్రాజెక్టులను చూసి 2005లో ప్రచురించిన పరిశోధనలో, రైలు ప్రాజెక్టుల్లో ప్రయాణికుల అంచనా అసలు వచ్చినవాళ్ల కంటే సగటున 106 శాతం ఎక్కువని తేలింది. రోడ్డు ప్రాజెక్టుల్లో కూడా సగానికి అంచనా 20 శాతం కంటే ఎక్కువే తప్పింది. రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుందని రాసి ఉంటే, కొత్తగా పుట్టే ట్రాఫిక్‌ను లెక్కలో వేశారా అని తప్పకుండా అడగండి. ఆర్థికవేత్తలు డురాంటన్, టర్నర్ 2011లో అమెరికా నగరాల హైవేల మీద చేసిన అధ్యయనంలో, రోడ్డు ఎంత శాతం పెరిగితే బళ్లు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరిగింది.

అలవాటు ఎప్పుడు మారుతుంది

జనం రోజూ వెళ్లే దారిని రోజూ ఆలోచించి ఎంచుకోరు. 2014 ఫిబ్రవరిలో లండన్ భూగర్భ రైళ్ల సమ్మె రెండు రోజులు జరిగి కొన్ని స్టేషన్లు మూతపడితే చాలామంది వేరే దారులు వెతుక్కోవాల్సి వచ్చింది. పరిశోధకులు ట్రావెల్ కార్డుల డేటా చూస్తే, సమ్మె ముగిశాక కూడా దాదాపు 5 శాతం మంది కొత్త దారిలోనే ఉండిపోయారు. అంటే ఏళ్ల తరబడి తిరిగిన ఊళ్లోనే తమకు అనువైన దారి వాళ్లకు తెలియలేదు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ ఇంకా ధైర్యం చేసింది. 2006 జనవరి నుంచి జులై వరకు, నగరం మధ్యలోకి వచ్చీపోయే బళ్ల మీద రద్దీ రుసుము ప్రయోగంగా పెట్టి, బళ్లను కొలిచి, ఆపేసి, మళ్లీ కొలిచింది. రుసుము కట్టాల్సిన హద్దు దాటే ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది, ఆపేయగానే చాలావరకు తిరిగొచ్చింది. ఆ సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణలో నగర ప్రజలు సరేనన్నారు, 2007 ఆగస్టు నుంచి రుసుము శాశ్వతమైంది. మొదట వద్దన్నవాళ్లలో చాలామంది ఫలితం కళ్లారా చూశాకే మారారు. మీరూ ఏదైనా అడిగేటప్పుడు "శాశ్వతంగా చేయండి" అని కాకుండా "ఆరు నెలలు చేసి కొలుద్దాం" అని అడిగి చూడండి, ఒప్పించడం చాలా తేలిక. మీ ఆఫీసులో జనాన్ని బస్సుకో సైకిలుకో మార్చాలనుకుంటే కొత్తగా చేరినవాళ్లను, ఇల్లు మారినవాళ్లను ముందు పట్టుకోండి. వాళ్లు ఎలాగూ దారి వెతుక్కుంటున్నారు.

ముందు, తర్వాత

మార్పు జరిగాక అదే చోట, అదే నెలలో, అదే వేళల్లో మళ్లీ లెక్కపెట్టండి. ఏమీ మార్చని పక్క రోడ్డు మీద కూడా లెక్కపెట్టండి, లేకపోతే పెట్రోలు ధర వల్ల తగ్గిన ట్రాఫిక్‌ను కూడా మీ ఖాతాలో వేసుకుంటారు. ప్రమాదాల విషయంలో ఇంకా జాగ్రత్త. ఒక ఏడాది విపరీతంగా ప్రమాదాలు జరిగిన జంక్షన్‌ను ఎంచుకుంటే, ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది కొన్ని తగ్గే అవకాశమే ఎక్కువ, కాబట్టి మూడు నుంచి ఐదేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలి.

ప్రయాణాల డేటా మనుషుల జీవితాల డేటా కూడా. 15 లక్షల మంది ఫోన్ల కదలికల మీద 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, స్థలం, సమయం కలిపిన నాలుగు బిందువులు చాలు 95 శాతం మందిని విడిగా గుర్తించడానికి అని తేలింది. పేరు తీసేస్తే సరిపోతుందని అనుకోవద్దు. ఇంటి చిరునామా బదులు వీధి పేరో ప్రాంతమో, 8:07 బదులు 8 నుంచి 8:15 అని రాయండి, అవసరం లేనిది అసలు అడగొద్దు.

అధికారులకు ఇచ్చేది ఒక పేజీ చాలు: మీ ప్రశ్న, ఒక మ్యాప్, రెండు మూడు అంకెలు, ఏం కావాలో ఒక వాక్యం. మీకు నచ్చని ఫలితం వస్తే అదీ అందులో ఉండాలి, రేపు వాళ్లే దాన్ని కనిపెడితే మిగతా పేజీని కూడా ఎవరూ నమ్మరు. గీతలు గీసిన అసలు కాగితాలను ఫొటోలు తీసి, ఎక్కడ నిలబడ్డారో, ఏ వైపు చూస్తూ లెక్కించారో రాసి దాచండి. వచ్చే ఏడాది ఇంకొకరు సరిగ్గా అక్కడే నిలబడి లెక్కపెట్టాలి కదా.