చక్రం కంటే ముందు గేటును కట్టండి

మా ఇల్లు హైదరాబాద్ కుషాయిగూడలో. పార్కింగు ముందు పన్నెండు అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తున్న ఇనుప స్లైడింగ్ గేటు ఉంది. 2009లో ఇల్లు కట్టినప్పుడు చేయించాం. ఈ వేసవిలో దాని కింది చక్రాలు, పైన పట్టి ఉంచే నైలాన్ రోలర్లు, చివర్లలో ఉండే స్టాపర్లు అన్నీ నేనే మార్చాను. చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్సులో ఇరవై ఆరేళ్ళు ఫిట్టరుగా చేశాను కాబట్టి పానాలు పట్టడం నాకు కొత్త కాదు. అయినా ఈ పనికి ఒక రోజంతా పట్టింది. చక్రాలు మార్చింది మహా అయితే గంటన్నర. మిగతా సమయమంతా గేటు పడిపోకుండా కట్టడానికి, కొలవడానికి, ఎత్తడానికి పోయింది. ఆ ఏర్పాట్లన్నీ ఎందుకంటే, ముందు ఒక సంగతి చెప్పాలి.

2021లో ఒక పొద్దున బండి తీయడానికి గేటు తోశాను. అప్పటికే చక్రాలు బిగుసుకుపోయి ఉన్నాయి, గట్టిగా తోస్తే గానీ కదిలేది కాదు. ఆ ఊపుకు గోడ వైపు చివర ఉన్న స్టాపర్ ఊడిపోయింది. స్టాపర్ అంటే అక్కడ ఉన్నది చిన్న ఇనుప కడ్డీ ముక్క, రెండు చుక్కల వెల్డింగుతో అతికించారు. అది పోయేసరికి గేటు ముందు కొస పిల్లర్ దగ్గరి రోలర్లను దాటి వెళ్ళిపోయింది. పైన పట్టుకునేది ఏమీ లేక మొత్తం గేటు లోపలికి ఒరిగింది. ఆ గోడ పక్కనే కారు ఉంది కాబట్టి దాని మీద ఆగింది. మా మనవరాలికి అప్పుడు నాలుగేళ్ళు. కారుకు ఇవతల, నా వెనకే నిలబడి ఉంది. ఆ రోజు కారు బయటికి పోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలచుకోలేను.

ఆ సాయంత్రం కూర్చుని గేటు బరువు లెక్క కట్టాను. ఇనుప రేకు మందం ఎన్ని మిల్లీమీటర్లో దాన్ని 7.85తో గుణిస్తే ఒక చదరపు మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. మాది 1.6 మి.మీ. రేకు, అంటే చదరపు మీటరుకు పన్నెండున్నర కిలోలు. గేటు వైశాల్యం 6.7 చదరపు మీటర్లు. రేకే 84 కిలోలు. చుట్టూ, మధ్యలో ఉన్న పైపులు ఇంకో 45 కిలోలు. మొత్తం 130 కిలోల దాకా వచ్చింది. నిలబడి ఉన్నంతసేపు అది చక్రాల మీద ఒక చేత్తో కదులుతుంది. ఒరగడం మొదలైతే ఇద్దరు మగవాళ్ళు కూడా ఆపలేరు. మీ గేటు బరువును కూడా ఇలాగే లెక్క కట్టుకోండి. చక్రాలు కొనేటప్పుడు కూడా ఆ అంకె కావాలి.

అరిగిందో లేదో చూడటానికి గేటు విప్పక్కర్లేదు. గేటు మూసి, మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి చూడండి. చక్రం పక్కన ఎర్రటి పొడి రాలి ఉంటే లోపల బేరింగు తుప్పు పట్టినట్టే. 2020 అక్టోబరు వానలప్పుడు మా గల్లీలో నీళ్ళు నిలిచి, చక్రాలు నడిచే కింది ఇనుప పట్టా మొత్తం బురదలో మునిగింది. ఆ తర్వాతే మా చక్రాలు మోగడం మొదలైంది. చక్రం గాడి ఒక పక్కనే ఎక్కువ అరిగి ఉంటే గేటు ఒక వైపు వాలుతోందన్నమాట. అలాంటప్పుడు చక్రం మార్చినా మళ్ళీ అలాగే అరుగుతుంది. పట్టా మీద రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి చూడాలి, పై రోలర్లు చూడాలి. రోలరుకూ గేటు పైపుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. మాకు ఒక వైపు వేలు పట్టేంత సందు కనిపించింది, రోలర్ నైలాన్ పగిలిపోయి సగం ఊడింది.

పక్కింటి తమ్ముడు అడిగాడు, "అన్నా, మా గేటు కూడా గట్లనే మోగుతుంది, కొంచెం గ్రీజు కొడితే పోతదా?" అని. పోదు. పట్టాకు గ్రీజు రాస్తే మన రోడ్ల దుమ్మంతా దానికే అంటుకుని గరుకు కాగితంలా తయారవుతుంది, చక్రం ఇంకా తొందరగా అరుగుతుంది. పట్టాను చీపురుతో ఊడ్చి పొడిగా ఉంచడమే మంచిది. ఆయన గేటుకు చక్రాల కంటే ముందు స్టాపర్ చూడమన్నాను. చూస్తే అక్కడ ఒక ఇటుక పెట్టి ఉంది.

సామాను కొనడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళాను. పాత చక్రం ఇంకా గేటుకే ఉంది కాబట్టి కొలతలు రాసుకుని వెళ్ళాలి: చక్రం బయటి వ్యాసం, వెడల్పు, గాడి ఆకారం, మధ్యలో పిన్ను మందం. పట్టా గుండ్రటి కడ్డీ అయితే యు గాడి చక్రం, బోర్లించిన యాంగిల్ అయితే వి గాడి చక్రం. ఇది తప్పితే గేటు పట్టా మీద కూర్చోదు. మాది యు గాడి, నాలుగంగుళాల చక్రం. లోపల 6203 నంబరు బేరింగు, అంటే లోపలి రంధ్రం 17 మి.మీ., బయటి వ్యాసం 40, మందం 12. ఆ నంబరు వెనకాల 2ఆర్‌ఎస్ అని ఉన్నది అడగండి. దానికి రెండు వైపులా రబ్బరు సీలు ఉంటుంది. జడ్‌జడ్ అని ఉంటే రేకు మూత మాత్రమే, కింద నేలను ఆనుకుని తిరిగే చక్రంలోకి వాన నీళ్ళు సులభంగా పోతాయి. ఇక చక్రం మోసే బరువు సంగతి. రెండు చక్రాలున్నాయి కదా అని గేటు బరువును రెండుతో భాగించకండి. పట్టాలో చిన్న గుంట వచ్చినా బరువంతా ఒక చక్రం మీదకు పోతుంది. అందుకే నేను ఒక్కో చక్రమూ 200 కిలోలు మోసేది తీసుకున్నాను.

ఇప్పుడు కట్టడం. పని చేసేటప్పుడు గేటు మూసే ఉండాలి. మా గేటు పిల్లర్లకు లోపలి వైపు నడుస్తుంది, మూసినప్పుడు రెండు కొసలూ ఆరేసి అంగుళాలు పిల్లర్ల మీదకు వస్తాయి. కాబట్టి అది బయటికి ఒరగలేదు, పిల్లర్లే ఆపుతాయి. పడితే లోపలికే పడాలి. ఆ దారిని తాళ్ళతో మూసేయాలి. రెండు పిల్లర్లలోనూ పై భాగంలో 12 మి.మీ. యాంకర్ బోల్టుల కొక్కేలు ముందు రోజే దించాను. గేటు పై పైపును 12 మి.మీ. నైలాన్ తాడుతో రెండు చోట్లా ఆ కొక్కేలకు కట్టాను. గేటు ఒక అంగుళం పైకి లేవడానికి సరిపడా మాత్రమే వదులు. కిటికీ గ్రిల్లుకో, కారుకో, నీళ్ళ పైపుకో కట్టవద్దు.

గేటుకు మోటార్ ఉంటే ముందు దాని కరెంటు ఎంసీబీ స్విచ్ దించి, తర్వాత తాళంచెవితో మోటార్ గేరు విడదీయండి. రిమోట్లన్నీ జేబులో వేసుకోండి. పిల్లలను ఆ రోజు ఇంట్లోనే ఉంచాలి, లేదా వేరే ఇంటికి పంపాలి. మేము మనవరాలిని వాళ్ళ అత్త ఇంటికి పంపించాం. సాయానికి మా బావమరిదిని పిలిచాను. పని మొదలు పెట్టే ముందే ఇద్దరం ఒక మాట అనుకున్నాం. గేటు ఏమాత్రం ఒరిగినట్టు అనిపించినా ఎవరూ చేతులు అడ్డం పెట్టకూడదు, "వదిలెయ్" అని అరిచి పక్కకు తప్పుకోవాలి. పడే వస్తువును పట్టుకోబోవడం మనిషికి సహజం. అందుకే ముందుగా పైకి అనుకోవాలి.

జాకీ పెట్టే ముందు ఇంకో కొలత ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. గేటు పై పైపు రోలర్ల మధ్య ఎంత లోతు ఉందో కొలవండి. మాకు 45 మి.మీ. వచ్చింది. అంటే 45 మి.మీ. ఎత్తితే గేటు రోలర్లలో నుంచి బయటికి వచ్చేస్తుంది. నాకు కావలసింది 15 మి.మీ. పైపు మీద ఆ ఎత్తుకు సుద్దతో గీత గీశాను, అది దాటకుండా చూసే పని బావమరిదిది. మీ చక్రం పైపు లోపల లోతుగా ఉండి, తీయాలంటే ఇంకా ఎక్కువ ఎత్తాల్సి వస్తే ఆ పని ఇంట్లో పెట్టుకోకండి. గొలుసుతో బరువులెత్తే చైన్ బ్లాక్ ఉన్న వెల్డింగ్ షాపువాళ్ళను పిలవండి.

జాకీని మట్టి మీద కాదు, గట్టి నేల మీదే పెట్టాలి. జాకీ తలకూ గేటు పైపుకూ మధ్య చెక్క పలక ఉండాలి, లేదంటే ఇనుము మీద ఇనుము జారుతుంది. ఐదు మిల్లీమీటర్లు ఎత్తడం, చక్రానికి రెండు వైపులా చెక్క దిమ్మలు జరపడం, మళ్ళీ ఐదు ఎత్తడం, ఇలా చేయాలి. కావలసిన ఎత్తు వచ్చాక జాకీని కొంచెం దించి బరువును దిమ్మల మీదకు వదలాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. నూనె జాకీ మెల్లగా దిగిపోవడం ఫ్యాక్టరీలో చాలాసార్లు చూశాను. దిమ్మలు సర్దేటప్పుడు వేళ్ళు గేటు కిందకు పోకుండా కర్ర ముక్కతో తోయండి. ఒకసారికి ఒక చక్రమే. రెండో చక్రం పట్టా మీదే ఉండాలి, అది దొర్లకుండా రెండు వైపులా అడ్డు ముక్కలు పెట్టాలి.

పిన్ను నట్టుకు 24 నంబరు పానా పట్టింది. అది తుప్పుతో బిగుసుకుపోతుందని ముందే తెలుసు కాబట్టి రాత్రే డీజిల్ పోసి ఉంచాను. గేటు దిమ్మల మీద ఉన్నప్పుడు సుత్తితో బాదడం, పానాకు పైపు తగిలించి లాగడం ప్రమాదం, అంతా కదిలిపోతుంది. అందుకే గేటు ఇంకా చక్రాల మీద ఉండగానే నట్టు ఒకటిన్నర చుట్టు వదులు చేసి పెట్టుకున్నాను. ఎత్తాక పిన్ను లాగి, చక్రాన్ని పట్టా మీదే పక్కకు దొర్లించి బయటికి తీశాను.

చక్రం బాగుండి బేరింగు మాత్రమే పోతే బేరింగే మార్చుకోవచ్చు. చక్రంలోకి కొట్టేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి, దాని కొలతకు సరిపోయే పైపు ముక్క ఆనించి కొట్టండి. లోపలి రింగు మీద కొడితే గుండ్లు కూర్చునే గాడిలో గుంటలు పడతాయి, కొత్త బేరింగు మొదటి రోజే పాడైపోతుంది. మా చక్రాల గాడి నాలుగు మిల్లీమీటర్లు అరిగింది కాబట్టి నేను మొత్తం చక్రాలే మార్చాను. బిగించాక చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. తిరగకపోతే నట్టు ఎక్కువ బిగించి, చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే బ్రాకెట్ పలకలను నొక్కేశారన్నమాట, కొంచెం వదలండి. వదులు చేసినా ఊడిపోకుండా నైలాక్ నట్టు, అంటే లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు, వాడండి. బ్రాకెట్‌కు వెల్డింగ్ అవసరమైతే చక్రం తీసేసిన తర్వాతే చేయించండి. కరెంటు బేరింగు గుండా పోతే గుండ్లు కాలిపోతాయి. నిప్పురవ్వలు పడే చోట బండ్లు ఉంచకండి.

పై రోలర్లు మార్చేటప్పుడు తాళ్ళు విప్పవద్దు. ఒక రోలర్ విప్పి, కొత్తది బిగించి, ఆ తర్వాతే రెండోది విప్పాలి.

స్టాపర్లకు ఈసారి నేను ఖర్చు చూడలేదు. గోడ వైపు చివర 50 మి.మీ. యాంగిల్ ముక్కను రెండు 12 మి.మీ. యాంకర్ బోల్టులతో కాంక్రీటులోకి దించాను. గేటు పై పైపుకు ముందు కొసలో ఇంకో ముక్క వెల్డింగ్ చేయించాను, కిందిది విరిగినా అది వచ్చి రోలర్ బ్రాకెట్‌కు తగిలి గేటును ఆపుతుంది.

ఇదంతా స్లైడింగ్ గేటు సంగతి. మీ పార్కింగుకు రోలింగ్ షట్టర్ ఉంటే పక్క గాడులు శుభ్రం చేయడం, కింది తాళం గొళ్ళెం మార్చడం వరకే మీ పని. పైన చుట్టలో పైపు చుట్టూ ఉన్న స్ప్రింగులు బిగించి ఉంటాయి. చివరి బ్రాకెట్ బోల్టు వదులు చేస్తే ఆ బిగువంతా ఒక్కసారిగా తిరుగుతుంది, చేతి ఎముకలు విరుగుతాయి. విల్లాల్లో ఇప్పుడు పలకలు పలకలుగా పైకి ముడుచుకునే గ్యారేజ్ డోర్లు పెడుతున్నారు. వాటికి కింది మూలల్లో ఉండే బ్రాకెట్‌ను చూస్తే మామూలు నాలుగు బోల్టుల ముక్కలా ఉంటుంది. కానీ తలుపును లాగే ఇనుప తీగ దానికే కట్టి ఉంటుంది, ఆ తీగలో స్ప్రింగు బిగువంతా ఉంటుంది. దాన్ని, స్ప్రింగునూ ముట్టుకోవద్దు. మధ్యలో ఉండే మడత బందులు, రోలర్లు తలుపు దించి ఉన్నప్పుడు ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. ఆ స్ప్రింగులు మామూలుగా పదివేల సార్లు తెరిచి మూయడానికి లెక్క వేసి చేస్తారు. రోజుకు నాలుగుసార్లు వాడే ఇంట్లో అది ఏడేళ్ళకు దగ్గర. ఆ గడువు దగ్గర పడితే విరిగే దాకా ఆగకుండా దాని మెకానిక్‌ను పిలవండి.

తాళ్ళు విప్పింది అన్నిటికంటే చివర. ముందు గేటును దిమ్మల మీద నుంచి పట్టా మీదకు దించి, తాళ్ళు వదులు చేసి, ఒక అడుగు అటూ ఇటూ నడిపించాం. తర్వాత తాళ్ళు తీసి, మెల్లగా చివరి దాకా తోసి రెండు స్టాపర్లకూ తగిలించి చూశాం. నెల తర్వాత నట్లన్నీ మళ్ళీ ఒకసారి చూశాను. ఒకటి పావు చుట్టు తిరిగింది, బిగించాను. చూసిన తేదీని గేటు లోపలి వైపు, తాళం పక్కన తెల్ల పెయింటుతో రాశాను. దాని కింద వచ్చే వానాకాలం అయ్యాక రాయడానికి చోటు వదిలి పెట్టాను.