సమీకరణంలో కావలసిన చరరాశిని వేరుచేసే విధానం

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన రైతు చేతికి ఎంత డబ్బు వస్తుందో చెప్పే లెక్కను ఒక్క వరుసలో రాయవచ్చు. క్వింటా ధరను ధ అని, క్వింటాళ్లలో బరువును బ అని, కూలి, రవాణా వంటి ఖర్చులన్నింటినీ కలిపి ఖ అని, చేతికి వచ్చే మొత్తాన్ని చ అని అనుకుంటే, చ = ధ × బ − ఖ అవుతుంది. ధర తెలిసినప్పుడు ఈ సమీకరణం ఉన్నది ఉన్నట్టే పనికి వస్తుంది. అయితే, ఇంత మొత్తం చేతికి రావాలంటే క్వింటాకు ఏ ధర పలకాలన్నది ప్రశ్న అయినప్పుడు, ధ ఒక్కటే ఒక వైపు మిగిలేలా దానిని తిరిగి రాసుకోవాలి.

ముందుగా ధ మీద ఏయే పనులు ఏ వరుసలో జరిగాయో చూడాలి. ఇక్కడ మొదట బ తో గుణించాము, తరువాత ఖ ను తీసివేశాము. విప్పేటప్పుడు చివర వేసిన ముడిని ముందు విప్పాలి కనుక, మొదట ఇరువైపులా ఖ ను కలిపితే చ + ఖ = ధ × బ అవుతుంది; ఆపైన ఇరువైపులా బ తో భాగిస్తే ధ = (చ + ఖ) ÷ బ వస్తుంది. బ సున్నా కాకూడదన్న షరతును పక్కనే రాసుకోవాలి. గుణకారం భాగహారంగా, భాగహారం గుణకారంగా, కూడిక తీసివేతగా, తీసివేత కూడికగా మారుతాయని 499 నాటికే ఆర్యభటుడు చెప్పిన విలోమ పద్ధతి ఇదే.

బరువు 20 క్వింటాళ్లు, ఖర్చు 9,000 రూపాయలు, చేతికి రావలసినది 2,91,000 రూపాయలు అనుకుందాము. 3,00,000 ను 20 తో భాగిస్తే ధర 15,000 రూపాయలు. వరుస తప్పి, ముందు 2,91,000 ను 20 తో భాగించి ఆ తరువాత 9,000 కలిపినవారికి 23,550 వస్తుంది. ముందే భాగించదలచుకుంటే తప్పేమీ లేదు గానీ, ఖ ను కూడా బ తో భాగించి తీరాలి.

పక్షాంతరం, అంటే ఒక పదాన్ని సమీకరణంలో అవతలి వైపుకు మార్చడం, చేసేటప్పుడు "అవతలికి వెళ్తే గుర్తు మారుతుంది" అని పిల్లలకు మొదటి రోజే నేర్పడం మేలు కాదని నా గట్టి అభిప్రాయం. ఆ మాట కలిపిన, తీసివేసిన పదాలకే వర్తిస్తుంది, గుణకానికి వర్తించదు. −5 × ప = 20 అన్నప్పుడు, −5 ను అవతలికి పంపుతూ గుర్తు మార్చిన విద్యార్థి ప = 20 ÷ 5 = 4 అని రాస్తాడు; ఇరువైపులా −5 తో భాగించిన విద్యార్థికి ప = −4 అని సరైన జవాబు దొరుకుతుంది. అందువల్ల చేయి తిరిగేదాకా, ఇరువైపులా ఏమి చేశామో ప్రతి వరుస పక్కన మాటల్లో రాయించడం అవసరం.

భిన్నం గుణకంగా ఉన్నా పద్ధతి మారదు. ఫారన్‌హీట్‌ను ఫ అని, సెల్సియస్‌ను స అని రాస్తే, ఫ = (9 ÷ 5) × స + 32 నుంచి స = (ఫ − 32) × 5 ÷ 9 వస్తుంది; విజయవాడ ఎండ 113 డిగ్రీల ఫారన్‌హీట్ అని ఎవరైనా చెబితే అది 45 డిగ్రీల సెల్సియస్.

కావలసిన చరరాశి రెండు చోట్ల కనిపించినప్పుడే అసలు చిక్కు వస్తుంది. అమ్మకం విలువ అ లో క వంతు కమీషన్‌గా పోతే, చ = అ − క × అ − ఖ. ఇరువైపులా ఖ ను కలిపిన తరువాత అ ఉన్న పదాలన్నీ ఒకే వైపు ఉన్నాయో లేదో చూసుకొని, అ ను ఉమ్మడి కారణాంకంగా బయటికి తీస్తే చ + ఖ = అ × (1 − క) అవుతుంది; ఇక్కడి నుంచి అ = (చ + ఖ) ÷ (1 − క), క విలువ 1 కాకూడదు. కమీషన్ నూటికి 4 (అంటే క = 0.04), ఖర్చు 9,000, చేతికి రావలసినది 2,79,000 అనుకుంటే, 2,88,000 ను 0.96 తో భాగించగా అమ్మకం 3,00,000 రూపాయలు ఉండాలని తేలుతుంది. 2,88,000 కు నూటికి 4 చొప్పున కలిపినవారికి 2,99,520 మాత్రమే వస్తుంది, ఎందుకంటే కమీషన్ లెక్కించేది మొత్తం అమ్మకం మీద, మిగిలిన సొమ్ము మీద కాదు. సందేహం ఉంటే జవాబును మొదటి సమీకరణంలోనే ప్రతిక్షేపించాలి: 3,00,000 లో 12,000 కమీషన్, 9,000 ఖర్చు పోగా 2,79,000 మిగులుతుంది.