చూసిన సినిమాను ఇంగ్లీషులో చెప్పడం: రిలేటివ్ క్లాజుల సాధన

అనంతపురంలో డిగ్రీ చదువుకునే పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లీషు చెప్పేటప్పుడు, ఈ మధ్య ఏ సినిమా చూశారనే ప్రశ్నతోనే నేను పాఠం మొదలుపెడతాను. తెలుగులో జవాబు చెప్పమంటే ఎవరూ తడుముకోరు. "పండుగకు చూసిన సినిమా", "మా మామ తీసుకెళ్ళిన హాలు", "పాటలు బాగున్న సినిమా", "హీరో చెల్లెలిగా వేసిన అమ్మాయి" అంటూ ఒక్కో వాక్యంలో రెండు మూడు సంగతులు ఇమిడ్చి చెబుతారు. అదే ఇంగ్లీషులో చెప్పమంటే "ఐ సా వన్ మూవీ. సాంగ్స్ ఆర్ గుడ్. వన్ గర్ల్ ఈజ్ దేర్. షి ఈజ్ హీరోస్ సిస్టర్" అని వాక్యాలు ముక్కలైపోతాయి. ఆ ముక్కలను కలిపే సాధనమే రిలేటివ్ క్లాజ్. దాన్ని సాధన చేయడానికి వినోదానికి సంబంధించిన మాటల కంటే అనువైనవి నాకు కనబడలేదు, ఎందుకంటే సినిమా గురించీ సీరియల్ గురించీ చెప్పేటప్పుడు ఏ నటి, ఏ పాట, ఏ సన్నివేశం అని విడదీసి చూపించక తప్పదు.

ఈ వ్యాసంలో ఇంగ్లీషు వాక్యాలను పలికే తీరులోనే తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు మాత్రం నోటు పుస్తకంలో వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే రాసుకోవాలి.

ముందుగా తెలుగు ఈ పనిని ఎలా చేస్తుందో గమనించాలి. "నిన్న చూసిన సినిమా" అన్నప్పుడు "చూసిన" అనే మాటను మన వ్యాకరణం ధాతుజ విశేషణం అంటుంది. క్రియ నుంచి పుట్టి, పేరుకు, అంటే నామవాచకానికి ముందు నిలబడి, ఆ పేరును వివరిస్తుంది. ఇంగ్లీషులో ఈ వరుస తలకిందులవుతుంది. పేరు ముందు వస్తుంది, దాని వెంట హూ, విచ్, దట్, హూజ్, వేర్ వంటి కలిపే మాట వస్తుంది, వివరణ ఆ తరువాత వస్తుంది: "ది ఫిల్మ్ దట్ ఐ సా యెస్టర్‌డే". ఇంతవరకు ప్రతి పాఠ్యపుస్తకమూ చెబుతుంది. అసలు చిక్కు వరుసలో లేదని, ఏళ్ళ తరబడి పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన తరువాత నాకు అర్థమైంది.

ఈ మూడు మాటలు చూడండి: నేను సినిమా చూసిన హాలు, నేను సినిమా చూసిన రోజు, నేను చూసిన సినిమా. మూడింటిలోనూ ఉన్నది ఒకే "చూసిన". హాలు చూసిన చోటు, రోజు చూసిన కాలం, సినిమా చూడబడిన వస్తువు. అయినా ఆ తేడాను తెలుగు ఏ ప్రత్యయంతోనూ చూపించదు. వినేవాడు గ్రహించుకుంటాడనే నమ్మకంతో వదిలేస్తుంది, వినేవాడు గ్రహిస్తాడు కూడా. ఇంగ్లీషు అలా వదలదు. చోటు అయితే వేర్, కాలం అయితే వెన్, వస్తువు అయితే దట్ లేదా విచ్ అని తేల్చి చెప్పమంటుంది. "ది సినిమా హాల్ వేర్ ఐ సా ది ఫిల్మ్", "ది డే వెన్ ఐ సా ది ఫిల్మ్", "ది ఫిల్మ్ దట్ ఐ సా". కాబట్టి వాక్యం కట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: నేను వివరిస్తున్న ఈ పేరు, ఆ పనిలో ఏ పాత్రలో ఉంది? పని చేసిన మనిషా, పనికి గురైన వస్తువా, పని జరిగిన చోటా, లేక దేనికైనా యజమానా? జవాబు తేలితే కలిపే మాట దానంతట అదే తేలుతుంది.

ఈ ప్రశ్న ఎంత అవసరమో ఒక జంట వాక్యాలతో చూపిస్తాను. "హీరో కొట్టిన విలన్", "హీరోను కొట్టిన విలన్". తెలుగులో ఒక్క "ను" చేరగానే దెబ్బ తిన్నవాడు మారిపోయాడు. ఇంగ్లీషులో ఆ ప్రత్యయం లేదు కనుక మాటల వరుసే ఆ భారం మోస్తుంది. మొదటిది "ది విలన్ హూమ్ ది హీరో హిట్", రెండవది "ది విలన్ హూ హిట్ ది హీరో". మాట్లాడేటప్పుడు మొదటి వాక్యంలో హూమ్ బదులు హూ అన్నా, దట్ అన్నా, అసలు ఏమీ లేకుండా "ది విలన్ ది హీరో హిట్" అన్నా తప్పు లేదు. రెండవ వాక్యంలో మాత్రం హూ గాని దట్ గాని తీసేయకూడదు, ఎందుకంటే అక్కడ విలనే కర్త. పనికి గురైన పేరు దగ్గర కలిపే మాటను వదిలేయవచ్చు, పని చేసిన పేరు దగ్గర వదలకూడదు అన్న సూత్రాన్ని ఈ కొట్లాట దృశ్యంతో ముడిపెట్టి గుర్తుంచుకుంటే మరచిపోవడం కష్టం.

ఇక మన పిల్లలు ఎక్కువగా చేసే తప్పు గురించి కొంత నిదానంగా చెప్పాలి. "ది ఫిల్మ్ విచ్ ఐ సా ఇట్" అని రాస్తారు. సినిమా అనే మాట ముందే వచ్చింది, దానికి బదులుగా విచ్ కూడా వచ్చింది, మళ్ళీ ఇట్ అవసరం లేదు. రిలేటివ్ క్లాజులో ఒక ఖాళీ ఉంటుంది. "ఐ సా" తరువాత ఏమి చూశాను అన్న చోటు ఖాళీగానే ఉండాలి, ఎందుకంటే ఆ చోటులో ఉండవలసిన సినిమాయే లేచి ముందుకు వచ్చి కూర్చుంది. ఒకరికి కేటాయించిన కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టనట్టే, ఖాళీ అయిన ఈ చోటులోనూ ఎవరినీ కూర్చోబెట్టకూడదు. అయితే "ది సినిమా హాల్ వేర్ ఐ సా ఇట్" అన్న వాక్యంలో ఇట్ సరైనదే. అక్కడ ముందుకు వచ్చింది హాలు, సినిమా కాదు. సినిమా తన చోటులోనే ఉంది కనుక దాన్ని ఇట్ అని పిలవవచ్చు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన రాసి, ఒకదానిలో ఇట్ ఎందుకు ఉంది, ఇంకొకదానిలో ఎందుకు లేదు అన్నది మీ మాటల్లో వివరించగలిగితే సగం పాఠం వచ్చినట్టే.

ఇలాంటి చిక్కే ప్రిపొజిషన్ దగ్గర కూడా ఉంది. "మేము ఎదురుచూసిన సినిమా" అన్నప్పుడు సినిమా "కోసం" అన్న మాట తెలుగులో మాయమవుతుంది. ఇంగ్లీషులో అది మాయం కాకూడదు: "ది ఫిల్మ్ దట్ వి వెయిటెడ్ ఫర్". "అందరూ మాట్లాడుకుంటున్న నటి" అంటే "ది యాక్ట్రెస్ హూ ఎవ్రివన్ ఈజ్ టాకింగ్ ఎబౌట్". వాక్యం చివర ఫర్, ఎబౌట్, టు, విత్ ఒంటరిగా మిగిలితే ఏదో వదిలేసినట్టు అనిపించి పిల్లలు తుడిచేస్తారు. తుడవకూడదు.

హూజ్ అనే మాటను చాలామంది మనుషులకే వాడాలనుకుంటారు. "పాటలు బాగున్న సినిమా" అంటే "ఎ ఫిల్మ్ హూజ్ సాంగ్స్ ఆర్ గుడ్" అనవచ్చు. వస్తువులకూ అది చెల్లుతుంది.

కామాల విషయంలో మాత్రం తెలుగు మనకు సాయం చేయదు. "తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి" అని మనం ఏ విరామమూ లేకుండా రాస్తాం. ఇంగ్లీషులో ఒక మనిషిని పేరుతో చెప్పిన తరువాత ఇచ్చే వివరణ అదనపు సమాచారమే కాబట్టి దానికి రెండు వైపులా కామాలు పెట్టాలి: "కె.వి.రెడ్డి, హూ వాజ్ బార్న్ ఇన్ తాడిపత్రి, డైరెక్టెడ్ మాయాబజార్ ఇన్ 1957". ఇక్కడ హూ బదులు దట్ వాడకూడదు. మన సీమలో ఇలాంటి వాక్యాలకు కొదువ లేదు. బళ్ళారి రాఘవ కూడా 1880లో తాడిపత్రిలోనే పుట్టారు, న్యాయవాదిగా ఉంటూనే రంగస్థలం మీద పేరు తెచ్చుకున్నారు. కడప జిల్లాకు చెందిన సినీ దర్శకుడు బి.ఎన్.రెడ్డి 1974 సంవత్సరానికి, ఆయన తమ్ముడు, నిర్మాత బి.నాగిరెడ్డి 1986 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందారు. ఈ నలుగురి మీద ఒక్కొక్కరికి మూడేసి వాక్యాలు, పేరు ముందు, కామాల మధ్య వివరణ, ఆ తరువాత అసలు సంగతి అన్న క్రమంలో రాయండి. వివరణను, అసలు సంగతిని తారుమారు చేసి మళ్ళీ రాయండి: "కె.వి.రెడ్డి, హూ డైరెక్టెడ్ మాయాబజార్, వాజ్ బార్న్ ఇన్ తాడిపత్రి". వాక్యంలో ఏ భాగం మీద బరువు పడుతుందో అప్పుడు తెలుస్తుంది.

కామా ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం వచ్చే సందర్భాలూ ఉన్నాయి. "ది సాంగ్స్ విచ్ వర్ స్లో బోర్డ్ అస్" అంటే నెమ్మదిగా సాగిన పాటలే విసుగు తెప్పించాయి, తక్కినవి బాగున్నాయని అర్థం. "ది సాంగ్స్, విచ్ వర్ స్లో, బోర్డ్ అస్" అంటే పాటలన్నీ నెమ్మదిగానే సాగాయి, అన్నీ విసుగు తెప్పించాయని అర్థం. చదివేటప్పుడు కామా దగ్గర గొంతు కొంచెం ఆపి చదివితే చెవికి ఈ తేడా పడుతుంది. అందుకే ఈ రెండు వాక్యాలను పైకి చదివించకుండా నేను పాఠం ముగించను.

ఇప్పుడు మాటల సంగతి. వినోదానికి సంబంధించిన ఇంగ్లీషు మాటలు మన ఇళ్ళలో ఎన్నో తిరుగుతున్నాయి గాని, మనం వాడే అర్థమూ ఇంగ్లీషువాళ్ళు వాడే అర్థమూ ప్రతిచోటా ఒకటి కావు. బ్రిటిష్ ఇంగ్లీషులో సినిమా అంటే ముఖ్యంగా ఆడే హాలు, ఆడేది ఫిల్మ్. కాబట్టి "ఐ సా ఎ సినిమా" అంటే హాలు భవనాన్ని చూశానని అర్థం చేసుకునే వీలుంది. హీరో అంటే కథలోని పాత్ర. ఆ పాత్ర వేసిన మనిషిని లీడ్ యాక్టర్ అనడం మేలు. మనం డ్రామా అనే రంగస్థల నాటకాన్ని ప్లే అంటారు. సైడ్ యాక్టర్ అని మనం అనేవారు సపోర్టింగ్ యాక్టర్. డూప్ వేసి ఫైట్ చేసేవారు స్టంట్ డబుల్. బాక్సాఫీస్ అంటే మనకు వసూళ్ళే గుర్తొస్తాయి గాని, టికెట్లు అమ్మే కౌంటరుకూ అదే పేరు. గండికోటలో షూటింగ్ జరిగిందన్న మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెబితే బయటి దేశపువాళ్ళు తుపాకీ కాల్పులని భయపడే ప్రమాదముంది. ఫిల్మ్ షూట్ అనాలి.

ఈ మాటలను జాబితాగా బట్టీ పట్టడం వృథా. ఒక్కో మాటకు రిలేటివ్ క్లాజుతో నిర్వచనం రాయడమే మంచి పద్ధతి, ఎందుకంటే ఒకే వాక్యంలో మాట అర్థమూ వ్యాకరణమూ రెండూ సాధనలోకి వస్తాయి. "ఎ స్టంట్ డబుల్ ఈజ్ ఎ పర్సన్ హూ డజ్ డేంజరస్ సీన్స్ ఇన్ ప్లేస్ ఆఫ్ ది యాక్టర్". "ఎ బాక్సాఫీస్ ఈజ్ ఎ ప్లేస్ వేర్ టికెట్స్ ఆర్ సోల్డ్". "ఎ మ్యాట్నీ ఈజ్ ఎ షో దట్ ఈజ్ హెల్డ్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్". రోజుకు ఐదు మాటలు చాలు. చిన్న అట్టముక్క మీద ఒక వైపు మాట, రెండో వైపు నిర్వచనం రాసుకోండి. మరునాడు నిర్వచనం చదివి మాట చెప్పాలి, ఆ మరునాడు మాట చూసి నిర్వచనం చెప్పాలి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే దీన్ని ఆటగా ఆడవచ్చు: మాట చెప్పకుండా "ది పర్సన్ హూ..." అని మొదలుపెట్టి వాళ్ళచేత ఊహింపజేయాలి. హూ అనాల్సిన చోట విచ్ అంటే ఒక మార్కు తగ్గించాలని ముందే నియమం పెట్టుకోండి. ఆ ఒక్క మార్కు కోసం పిల్లలు ఎంత జాగ్రత్తపడతారో నేను చూశాను.

రెండో వారం నుంచి సాధన మార్చాలి. రాత్రి ఇంట్లో సీరియల్ పెట్టినప్పుడు పది నిమిషాలు చూసి, కనబడిన ప్రతి పాత్రకూ ఒక వాక్యం రాయండి. ముందు తెలుగులో అనుకోండి: "కోడలిని ఇంట్లోంచి పంపించేసిన అత్త". పేరు ఏది? అత్త. ఆమె పాత్ర ఏమిటి? పని చేసిన మనిషి. కాబట్టి "ది మదర్-ఇన్-లా హూ సెంట్ హర్ డాటర్-ఇన్-లా అవే". ఇప్పుడు అదే సంగతిని కోడలి వైపు నుంచి తిప్పండి: "అత్త పంపించేసిన కోడలు", "ది డాటర్-ఇన్-లా హూమ్ ది మదర్-ఇన్-లా సెంట్ అవే". ఇల్లు వైపు నుంచి కూడా తిప్పవచ్చు: "ది హౌస్ ఫ్రమ్ విచ్ షి వాజ్ సెంట్ అవే". ఒకే సన్నివేశం మీద మూడు వాక్యాలు కట్టడం, పది సన్నివేశాల మీద ఒక్కో వాక్యం కట్టడం కంటే ఎక్కువ నేర్పుతుంది.

ఇంగ్లీషులో సరిసమానమైన మాట దొరకని మన కళలను పరాయివారికి వివరించడానికి ప్రయత్నించినప్పుడే ఈ సాధన పూర్తిగా పరీక్షకు నిలుస్తుంది. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపొందిన ఊరు. ఆ ఊరివారైన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన ఒక అతిథి మీ ఇంటికి వచ్చాడనుకొని, తోలుబొమ్మలాట అంటే ఏమిటో ఆరు వాక్యాల్లో చెప్పండి. మొదటి రెండు నేను ఇస్తాను: "తోలుబొమ్మలాట ఈజ్ ఎ ఫామ్ ఆఫ్ షాడో థియేటర్ ఇన్ విచ్ లెదర్ పప్పెట్స్ ఆర్ మూవ్డ్ బిహైండ్ ఎ లిట్ స్క్రీన్. ది స్టోరీస్ దట్ ది ఆర్టిస్ట్స్ టెల్ ఆఫెన్ కమ్ ఫ్రమ్ ది రామాయణ అండ్ ది మహాభారత". మిగిలిన నాలుగింటిలో ఒకదానిలో హూజ్, ఒకదానిలో వేర్, ఒకదానిలో కామాల మధ్య హూ, ఒకదానిలో చివర మిగిలిపోయే ప్రిపొజిషన్ తప్పక రావాలి. హరికథకు, బుర్రకథకు, చెక్కభజనకు కూడా ఇలాగే రాసి, పైకి చదివి, ఎక్కడైనా ఖాళీగా ఉండవలసిన చోటులో ఇట్ గాని హిమ్ గాని వచ్చి కూర్చుందేమో చూసి కొట్టివేయండి.