పల్లె మెనోనైట్ పాస్టరుగారి జీవిత చరిత్రను రాయడం ఎలా

హైదరాబాదులో స్థిరపడిన మెనోనైట్ బ్రదరన్ (ఒక ప్రొటెస్టెంటు క్రైస్తవ శాఖ) కుటుంబాలలో చాలామంది ఇళ్ళ గోడమీద ఒక పాస్టరుగారి ఫొటో ఉంటుంది. ఆయన నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, కల్వకుర్తి, దేవరకొండ వైపు ఏదో ఒక పల్లెలో ముప్ఫై నలభై ఏళ్ళు సేవ చేసిన తాతగారో నాన్నగారో అయి ఉంటారు. జ్ఞాపకార్థ కూడికలో ఆయన జీవితాన్ని ఒక పేజీలో చదువుతారు. పుట్టిన సంవత్సరం, బైబిలు శిక్షణ, అభిషేకం, పనిచేసిన ఊళ్ళు, పిల్లల పేర్లు అందులో ఉంటాయి. మా నాన్నగారి గురించి నేను మొదట రాసిన పేజీ కూడా అలాంటిదే. దాన్ని ఆయన పనిచేసిన సంఘంలో చదివి వినిపించిన రోజున వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ, "అయ్యగారు మా ఇంటికొచ్చిన ముచ్చట ఇందుల లేదు గద బిడ్డా" అన్నారు. ఆ మాట విన్న తరువాత ఆ పేజీని పక్కనపెట్టి మళ్ళీ మొదటినుంచి రాశాను. అప్పుడు నేర్చుకున్న పద్ధతిని, అదే పని తలపెట్టినవారికి ఉపయోగపడుతుందని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట వృద్ధులను కలవండి. ఇంట్లో ఉన్న కాగితాలు మరో ఏడాది తరువాతైనా దొరుకుతాయి గాని, ఎనభై ఏళ్ళు దాటిన సంఘస్థులు అప్పటికి ఉంటారో లేదో చెప్పలేము. ఆదివారం ఆరాధనకు వెళ్ళి, కూడిక ముగిసిన తరువాత తొందరపడకుండా అక్కడే ఉండి, పాత ఫొటో చేతికిచ్చి మాట్లాడించండి. "ఆయన ఎలాంటి మనిషి?" అని అడిగితే "చాలా మంచివారు" అన్న జవాబు ఒక్కటే వస్తుంది. అందువల్ల జరిగిన పనుల గురించి అడగాలి. మీకు బాప్తిస్మం ఎక్కడ ఇచ్చారు, చెరువులోనా, వాగులోనా, మోటబావిలోనా? ఆయన నడిచి వచ్చేవారా, సైకిలు మీద వచ్చేవారా? రాత్రి ఎవరింట్లో పడుకునేవారు? సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర కొట్టుకుంటే ఆయన ఏం చేశారు? మెనోనైట్ విశ్వాసంలో సమాధానపరచడం ప్రధానమైన బోధ కాబట్టి, ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును ప్రత్యేకంగా రాసుకోండి. చెప్పినవారి మాటలను వారి యాసలోనే రాసుకోవాలి గాని, పుస్తక భాషలోకి మార్చకూడదు.

సంవత్సరాలు అడిగితే పల్లెటూరి వృద్ధులు ఇబ్బంది పడతారు. అందరికీ గుర్తున్న సంఘటనలను ఆధారంగా తీసుకుని ముందా వెనకా అని అడిగితే లెక్క సులభంగా తేలుతుంది. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య, 1969 తెలంగాణ ఉద్యమం, కృష్ణ ఒడ్డు ఊళ్ళవారికైతే 1981 నాటి శ్రీశైలం ముంపు, 2009 అక్టోబరు వరద ఇందుకు బాగా పనికివస్తాయి.

ఇక కాగితాల సంగతి. పాస్టరుగారి పెట్టెలో ప్రసంగాల నోటుపుస్తకాలు, సంఘం జమాఖర్చుల పుస్తకం, బాప్తిస్మపు రిజిస్టరు ప్రతి, పాత ఉత్తరాలు ఉంటే అది గొప్ప నిధి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు పొందిన పాస్టరు అయితే, ఆయన నిర్వహించిన వివాహాల రిజిస్టరులో వధూవరుల వయస్సు, తండ్రుల పేర్లు, సాక్షుల సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి. ఒక ఊరిలో అక్షరాస్యత ఎప్పుడు మొదలైందో ఆ వేలిముద్రలు సంతకాలుగా మారిన సంవత్సరాన్ని బట్టి చెప్పవచ్చు. ప్రతి పేజీని పగటి వెలుతురులో, నీడ పడకుండా ఫోనుతో ఫొటో తీసి, పుస్తకాన్ని మాత్రం ఎక్కడినుంచి తీశారో అక్కడే పెట్టండి.

జమాఖర్చుల పుస్తకాన్ని నిర్లక్ష్యం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఎక్కువ తెలిసింది అందులోనే. మా నాన్నగారి పుస్తకంలో ఒక పేజీ పైన "యోహాను 11" అని, అంటే లాజరు మరణం గురించిన బైబిలు అధ్యాయం పేరు, సిరా కలంతో రాసి ఉంది. దాని కింద పెన్సిలుతో "జొన్నలు 3 మానికలు, గుడ్లు 2, పంచరు 25 పైసలు" అనీ, ఆ కింద వేరుగా "రాత్రి అక్కడే" అనీ రాసి ఉంది. ఆ రెండు మాటలు పట్టుకుని ఊళ్ళో అడిగితే, ఆ రోజు జ్వరంతో చనిపోయిన ఒక పసిబిడ్డ ఇంటికి ఆయన వెళ్ళారనీ, గుంత తవ్వడానికి మనుషులు దొరకకపోతే ఆయనా ఆ బిడ్డ తండ్రీ వంతులవారీగా తవ్వారనీ, తెల్లవారిన తరువాత భూస్థాపన జరిగిందనీ తెలిసింది. ఆ బిడ్డ తల్లే నా మొదటి పేజీని తప్పుపట్టిన పెద్దావిడ. కానుకగా వచ్చిన ధాన్యం, ఇచ్చినవారి వివరాలు, వండే ముందు సంఘం కోసం తీసిపెట్టే పిడికెడు బియ్యం లెక్కలు, సైకిలు ఖర్చులు అన్నీ వరసగా రాసుకుంటే, ఏ కరువులో సంఘం ఆయనను పోషించిందో, ఏ కరువులో ఆయనే తన ఇంటి గింజలు పంచారో దానంతట అదే బయటపడుతుంది.

పాత హైదరాబాదు సంస్థానపు కాగితాలైతే తేదీలు ఫసలీ సంవత్సరంలో, అంటే భూమిశిస్తు లెక్కలకు వాడిన సంవత్సరంలో ఉంటాయి. నిజాం కాలపు ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉన్న తేదీకి 590, ఆ తరువాతి నెలలకు 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే ఫసలీ 1357 అక్టోబరు 1947లో మొదలైంది. ఉర్దూలో ఉన్న భూమి కాగితాలను చదవగలిగినవారితో చదివించుకోండి, ఊహించి రాయవద్దు. ఊరి పేరు రాసేటప్పుడు అప్పటి తాలూకా, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా మూడూ ఇవ్వాలి. 1985లో మండలాలు, 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినందువల్ల ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఊరు ఇప్పుడు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల వంటి జిల్లాలలో ఎక్కడైనా ఉండవచ్చు.

మిషను చరిత్రను ఒక పేరాకు మించి రాయనవసరం లేదు, కాని ఆ పేరా తప్పుల్లేకుండా ఉండాలి. రష్యాలోని మెనోనైట్ బ్రదరన్ సంఘాల నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ దంపతులు 1889లో బయలుదేరి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి నల్లగొండలో పనిచేశారు. 1899లో అమెరికా నుంచి ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు హైదరాబాదుకు రావడంతో అమెరికా మెనోనైట్ బ్రదరన్ మిషను ఇక్కడ వేరుగా ఆరంభమైంది. ఈ తేడా తెలియకపోతే నల్లగొండ వైపు పాస్టరు పత్రాల కోసం తప్పు చోట వెతుకుతారు, ఎందుకంటే అక్కడి సంఘాలలో ఎక్కువ భాగం బాప్టిస్టులవిగా కొనసాగాయి. దేవరకొండ మాత్రం మెనోనైట్ బ్రదరన్ కేంద్రమే. అలాగే ఉత్తర అమెరికాలోని సంప్రదాయ మెనోనైట్ సంఘాలలో, రైతులలో ఒకరిని చీట్లు వేసి సేవకునిగా ఎన్నుకునే ఆచారం ఉంది. ఎంపికైనవారు జీతం లేకుండా వ్యవసాయం చేసుకుంటూ జీవితాంతం సేవచేస్తారు. దాని గురించి చదివిన ఉత్సాహంలో మన పల్లె పాస్టరుకు దాన్ని అంటగట్టకూడదు. ఆయనను ఎవరు పిలిచారు, ఎవరు శిక్షణనిచ్చారు, నెలకు ఎంత ఇచ్చారు అన్నవి సంఘ పెద్దలను అడిగి, ఉన్నది ఉన్నట్టు రాయండి.

కులం గురించి మౌనం వహిస్తే ఈ చరిత్ర సగమే అవుతుంది. మన సంఘాలలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారు. ఊరి బావి దగ్గర నిలబడే హక్కు లేని రోజుల్లో పాస్టరు నడిపిన రాత్రి బడికి ఉన్న విలువ, ఆ నేపథ్యం చెప్పకపోతే పాఠకునికి అర్థం కాదు. అయితే ఇక్కడ జాగ్రత్త కూడా అవసరం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు క్రైస్తవులకు ఆ హోదాను ఇవ్వదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రంలో బీసీ-సి కింద లెక్కిస్తారు. ఈ కారణంగా బడి రికార్డులో ఒక పేరు, సంఘ రిజిస్టరులో మరొక పేరు ఉన్నవారు తటస్థపడితే, బతికి ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా ఎక్కడా ప్రచురించవద్దు.

పాస్టరుగారి భార్యకు ఒక పేరా కేటాయించి చేతులు దులుపుకోవడం నాకు బాధ కలిగించే విషయం. ఆదివారం వచ్చినవారికి వండిపెట్టింది అమ్మగారే. సండే స్కూలు నడిపింది, బాలింతల దగ్గర కూర్చున్నది, ఆయన మూడు ఊళ్ళు తిరుగుతుండగా పిల్లలను పస్తులుంచకుండా చూసుకున్నది కూడా అమ్మగారే. స్త్రీల కూడికలో విడిగా కూర్చుని అడిగితే, ఆయన చరిత్రలో సగం ఆమె పనిగానే వినిపిస్తుంది. దాన్ని ఆమె పేరుతోనే రాయండి.

సంఘంలో చీలికలు, స్థలం తగాదాలు, బదిలీల బాధలు లేని పాస్టరు జీవితం ఉండదు. వాటిని దాచవద్దు, అలాగని ఎదుటివారిపై నిందలూ వేయవద్దు. ఏం జరిగింది, ఆయన ఏం చేశారు, ఆ తరువాత ఏమైంది అన్నంతవరకు రాస్తే చాలు. ఎదుటి పక్షంవారి పిల్లలు చదివినా "అవును, ఇలాగే జరిగింది" అనేలా ఆ వాక్యాలు ఉండాలి. నేను ఒక పేరాను ఇందుకోసమే నాలుగుసార్లు తిరగరాశాను.

రాసే క్రమం విషయంలో, పదవుల వరసను వదిలి ఆయన నడిచిన ఊళ్ళ వరసను పాటించడం మేలు. ఒక్కో ఊరికి ఒక్కో భాగం ఇచ్చి, అందులో ఒక మనిషి చెప్పిన ఒక సంఘటనను వివరంగా రాయండి. తేదీలు, శిక్షణ, అభిషేకం వివరాలను చివర ఒక పట్టికలో పెట్టవచ్చు. అచ్చు వేయించిన తరువాత ఒక ప్రతిని శంషాబాదులోని మెనోనైట్ బ్రదరన్ సెంటినరీ బైబిల్ కళాశాల గ్రంథాలయానికి, ఒక ప్రతిని ఆయన సేవచేసిన ప్రతి సంఘానికి ఇవ్వండి.

అయితే అచ్చుకు ముందు ఆ ఊళ్ళకు మళ్ళీ వెళ్ళి, రాసినదంతా పైకి చదివి వినిపించాలి. పక్కన వెడల్పుగా ఖాళీ వదిలిన కాగితాలు, పెన్సిలు వెంట తీసుకువెళ్ళండి. ఆ రాత్రి గుంత తవ్విన సంగతి నేను చదువుతున్నప్పుడు, నాన్నగారి కందీలు వెలుతురులో తవ్వారన్న వాక్యం దగ్గర ఆ పెద్దావిడ చేయెత్తి ఆపారు. "ఆ కందీలు అయ్యగారిది కాదు బిడ్డా, మాదే. అద్దం పలిగి ఉండె" అన్నారు. అంచున ఆ మాట రాసుకుని, ఆ వాక్యాన్ని దిద్దాను.