ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారుకి అడ్వాన్స్ కట్టే ముందు ఇవి చూసుకోండి

ముందు ఒక వారం మీ ఓడోమీటర్ రాసుకోండి. ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకునే ఈ కార్లు ఎక్కువగా ఒక చార్జింగ్‌కి 40 నుంచి 80 కిలోమీటర్లు కరెంటు మీద నడిచి, తర్వాత పెట్రోల్‌కి మారతాయి. ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లొచ్చేవాళ్లకి ఈ లెక్క అటూ ఇటూగా ఉంటుంది, పైగా ఎండాకాలం ఏసీ ఫుల్లుగా పెడితే రేంజ్ ఇంకా తగ్గుతుంది, కాబట్టి బ్రోషర్‌లో రాసిన అంకెని అలాగే నమ్మకండి.

రాత్రి బండి ఎక్కడ పెడతారు? అసలు ప్రశ్న ఇదే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీ స్లాట్ దగ్గర, మీ మీటర్ నుంచే 15 ఆంప్స్ సాకెట్ లాగడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. వైరింగ్, ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం వద్దు. చార్జింగ్ పెట్టకపోతే బరువైన బ్యాటరీని పెట్రోల్ పోసి మోసుకు తిరిగినట్టే.

ఇన్నోవా హైక్రాస్ లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి, అంటే నడుస్తూనే బ్యాటరీని తనే నింపుకునే మామూలు హైబ్రిడ్‌కి, ప్లగ్గే ఉండదు, సేల్స్ అబ్బాయి రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడితే అక్కడే ఆపండి.

2024 నవంబర్‌లో తెలంగాణ ఇచ్చిన రోడ్డు ట్యాక్స్ మినహాయింపు ఎలక్ట్రిక్ వాహనాల కోసం. హైబ్రిడ్‌కీ వస్తుందని ఎవరైనా చెబితే ఆర్టీఏలో కనుక్కున్నాకే బడ్జెట్ వేసుకోండి.

డిక్కీ తెరిచి చూడండి, కొన్నిటిలో బ్యాటరీకే చోటు పోతుంది. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద అడగండి. నెలకోసారి విజయవాడ వెళ్లేవాళ్లకి దారిలో చార్జర్ టెన్షన్ లేకపోవడం నిజంగా ప్లస్సే, కానీ ఆ ఒక్క ట్రిప్పు కోసమే అయితే మామూలు హైబ్రిడ్ చాలు.