నెట్ రావట్లేదు అంటే ఏది రావట్లేదు?

తెనాలిలో వైర్లు లాగే పని నాది. మొదట కేబుల్ టీవీ, ఇప్పుడు ఫైబర్. పొద్దున ఫోన్ మోగితే అవతల ఒకటే మాట: "బాబూ, నెట్ రావట్లేదు." ఆ మాట వెనక మూడు వేర్వేరు రోగాలుంటాయి. అందులో ఏ రోగమన్నది చెప్తే సగం పని అయిపోయినట్టే.

నేను ముందు అడిగేది పెట్టె మీద ఎర్ర లైటు గురించి. మీరు మోడెమ్ అనో రౌటర్ అనో పిలిచే ఆ పెట్టెను మేం ఓఎన్‌టీ అంటాం. ఫైబర్‌లో వచ్చే వెలుతురును డేటాగా మార్చేది అదే. దాని మీద ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్రగా కొట్టుకుంటుంటే అసలు వెలుతురే రావట్లేదని, లేదా చాలనంత తక్కువ వస్తోందని. అప్పుడు స్విచ్ పదిసార్లు నొక్కినా లాభం లేదు. పెట్టె వెనక సన్న వైరు ఎక్కడైనా మడత పడిందేమో చూడండి.

ఆమధ్య ఒక పిన్నిగారింట్లో సోఫా జరిపారట. వెళ్లి చూస్తే వైరు సోఫా కాలి కింద ఉంది. లోపలుండేది గాజు పోగు, మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుతురు ఎంత వస్తోందో కొలిచే మీటర్ పెడితే మైనస్ 31 డీబీఎం చూపించింది. మైనస్ 20 దగ్గరుంటే బాగున్నట్టు. మైనస్ 27 దాటి కిందికి పోతే చాలా పెట్టెలకు అందదు. సోఫా ఎత్తాం, వైరు సాఫీగా సర్దాం, మైనస్ 19కి వచ్చింది. పోగు విరగలేదు కాబట్టి సరిపోయింది. అన్నట్టు, ఊడిన వైరు కొసను కంటి దగ్గర పెట్టుకుని చూడకండి. ఆ వెలుతురు కంటికి కనపడదు గానీ కంటికి మంచిది కాదు.

ఎర్ర లైటు లేదు, హాల్లో బానే వస్తోంది, పడగ్గదిలో మాత్రం రావట్లేదంటే రోగం వైఫైది. వైఫై అంటే నెట్ కాదు; పెట్టె నుంచి మీ ఫోన్ దాకా గాలిలో నడిచే దారి, అంతే. ఒక మాస్టారు దుమ్ము పడుతుందని పెట్టెను ఇనప బీరువా వెనక పెట్టారు. ఇనుము దాటి సిగ్నల్ ఎలా పోతుంది? ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టండి. వైఫై పేర్లు రెండు కనిపిస్తే 2.4ది గోడలు దాటి దూరం పోతుంది, 5ది దగ్గర్లో వేగంగా ఉంటుంది. పేరు చివర 5జీ అని ఉన్నా దానికీ మొబైల్ 5జీకీ సంబంధం లేదు. ఇది 5 గిగాహెర్ట్జ్ అనే తరంగాల కొలత, అది మొబైల్ నెట్‌వర్క్‌లో అయిదో తరం. ఈ ముక్క ఎన్ని ఇళ్లలో చెప్పానో లెక్కలేదు.

మూడోది, నెట్ ఉంది గానీ నెమ్మది. ఒక ఇంజినీరింగ్ కుర్రాడు నాతో పోట్లాడాడు: "100 అన్నారు, డౌన్‌లోడ్‌లో 12 చూపిస్తోంది." ప్లాన్‌లో చెప్పేది ఎంబీపీఎస్, అంటే సెకనుకు మెగాబిట్లు. డౌన్‌లోడ్ చూపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. 100ని 8తో భాగిస్తే పన్నెండున్నర. అతనికి రావాల్సింది వచ్చేస్తోంది!

నెలాఖరుకే నెమ్మదిస్తుంటే ఎఫ్‌యూపీ, అంటే నెలకు ఇంత డేటా వరకే పూర్తి వేగం అన్న షరతు చూసుకోండి. అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లలోనూ చిన్న అక్షరాల్లో 3,300 జీబీ లాంటి గీత ఉంటుంది. దాటితే వేగం తగ్గించేస్తారు. ఆ అక్షరాలు పెద్దవిగా వేస్తే ఏం పోయిందో నాకు అర్థం కాదు. 499 ప్లాన్‌కి బిల్లు 588 రూపాయల 82 పైసలు రావడం మాత్రం మోసం కాదు, 18 శాతం జీఎస్టీ.

మొన్న పిన్నిగారే మళ్లీ ఫోన్ చేశారు. "బాబూ, ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, వైరు చూశాను, ఎక్కడా మడత లేదు." పోగు బయటెక్కడో తెగిందని అర్థమై, జాయింటు వేసే మెషీన్ బండి మీద పెట్టుకునే బయల్దేరాను. లేకపోతే చూడ్డానికొకసారి, మెషీన్ కోసం ఇంకోసారి తిరిగేవాణ్ని.