అనుమంద్రం పోకుండా వీణకు ప్రీయాంప్ అమర్చడం

పికప్ (తీగల అదురును విద్యుత్ సిగ్నల్‌గా మార్చే బిళ్ల) పెట్టిన వీణ మీద తరచు వినిపించే ఫిర్యాదు ఒకటే. పైస్థాయి రేకు మీద గీసినట్టు వస్తుంది, కింది తీగలు వినబడవు. వెంటనే బేస్ నాబ్ తిప్పేస్తారు. దాంతో హమ్ పెరుగుతుంది, కుండ కుయ్‌మంటుంది, అన్నిటికన్నా కింది తీగ అయిన అనుమంద్రం మాత్రం తిరిగి రాదు. చాలాసార్లు లోపం టోన్‌లో ఉండదు, ఇంపెడెన్స్‌లో, అంటే పికప్‌ను కలిపిన ఇన్‌పుట్ ఓమ్‌లలో చూపే అడ్డంకిలో, ఉంటుంది. పికప్ సిగ్నల్‌ని పెంచి మిక్సర్‌కి అందించే పెట్టె అయిన ప్రీయాంప్ పని ఇక్కడే. ముందు అది చూసుకోవాలి.

పికప్‌గా వాడే 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల (అదిరితే వోల్టేజీ పుట్టించేది) విద్యుత్‌పరంగా ఒక కెపాసిటర్. దాని విలువ సుమారు 20 నానోఫారడ్‌లు. దాన్ని నేరుగా 10 కిలో ఓమ్‌ల మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కి కలిపితే, దాదాపు 800 హెర్ట్జ్ కిందున్నదంతా తగ్గుతూ పోతుంది. మూడు శ్రుతికి (E) చేసిన వీణలో వాయించే నాలుగు తీగలు సారణి 165, పంచమం 123, మంద్రం 82, అనుమంద్రం 62 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. నాలుగూ ఆ గీత కిందే! ప్రీయాంప్ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ ఉంటే గీత 8 హెర్ట్జ్‌కి దిగిపోతుంది, ఇక ఇబ్బంది లేదు. కెపాసిటెన్స్ 1 నానోఫారడే ఉన్న పికప్‌కి మాత్రం 1 మెగా ఓమ్ కూడా చాలదు, 160 దగ్గరే కోత మొదలవుతుంది. దానికి 10 మెగా ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. కొనేముందు ప్రీయాంప్‌తో వచ్చే కాగితంలో ఈ అంకె చూడండి, మిగతా హంగులన్నీ ఆ తర్వాతే.

బిళ్లను కుండ మీది పలకకి, గుర్రం (తీగలు ఆనే వంతెన) పాదానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, ఇత్తడి వైపు చెక్కకి ఆనేలా పల్చటి డబుల్ సైడ్ టేప్‌తో అంటించండి. మందపాటి ఫోమ్ టేప్ వద్దు, అది పై ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. తాళపు తీగల పక్క గుర్రానికి దగ్గరగా పెడితే తాళమే రాగాన్ని మించి మోగుతుంది. మూడు నాలుగు చోట్ల తాత్కాలికంగా అంటించి, ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు స్పీకర్ ముందు కూర్చుని వినాలి. చోటు కుదిరాక వైరును కూడా కుండకి ఒక టేపు ముక్కతో కట్టిపడేయండి. వైరు ఊగితే ఆ గరగర అంతా స్పీకర్లోకి వస్తుంది. పికప్ నుంచి ప్రీయాంప్ దాకా షీల్డెడ్ కేబుల్ వాడండి, పొడవు రెండు మీటర్లు దాటనివ్వకండి.

పీజో చెక్క అదురును నేరుగా అందుకుంటుంది. మైనంలో కదిలిన మెట్టు, సరిగా కూర్చోని ఇత్తడి రేకు, వదులైన నాగపాశం మామూలుగా చెవికి ఆనకపోయినా ఇక్కడ పెద్దవై వినిపిస్తాయి. ఒకే దుంగలో చెక్కిన బొబ్బిలి పనసకర్ర ఏకాండి వీణ అయినా ఇంతే. ముందు వాద్యాన్ని బాగుచేయించండి. ఈక్వలైజర్ వాటిని కప్పలేదు.

విశాఖలో తేమ సంగతి విడిగా చెప్పుకోవాలి. ఇన్‌పుట్ మెగా ఓమ్‌లలో ఉన్నప్పుడు సర్క్యూట్ బోర్డు మీద మిగిలిన సోల్డర్ ఫ్లక్స్ సముద్రపు గాలిలోని తేమను పీల్చి కరెంటును లీక్ చేస్తుంది. ఇంట్లో బాగానే పలికిన పెట్టె రామకృష్ణా బీచ్ వేదిక మీద చిటపటలాడటానికి, బేస్ తగ్గిపోవడానికి ఇదొక కారణం. సొంతంగా సోల్డర్ చేసిన బోర్డయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాక మూత బిగించండి. జాక్‌ల మీద పచ్చటి చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్‌ను పదిసార్లు దూర్చి తీయండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఉంచండి. ఏసీ హాల్లోంచి బయటి ఉక్కలోకి తెచ్చిన వెంటనే స్విచ్ వేయకుండా ఓ పావుగంట ఆగండి.

ఇక గెయిన్, అంటే ప్రీయాంప్ సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది. టోన్ నాబ్‌లన్నీ మధ్యలో ఉంచి, మిక్సర్ ఫేడర్ దించేసి మొదలుపెట్టండి. మెల్లగా మీటుతూ సెట్ చేస్తే కచేరీలో తానం దగ్గర శబ్దం విరిగిపోతుంది. కాబట్టి వాయించబోయే అత్యంత గట్టి మీటు, తాళపు తీగలతో కలిపి, ఆగకుండా వాయించండి. క్లిప్ లైటు (సిగ్నల్ హద్దు దాటితే వెలిగేది) మిణుక్కుమనే దాకా గెయిన్ పెంచి, అక్కణ్నుంచి ఆ లైటు అసలు వెలగనంత వెనక్కి తేండి. మిక్సర్ గెయిన్ దీని తర్వాతే. డిజిటల్ మిక్సరైతే సగటు మట్టం మీటరు మీద మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఆడితే చాలు.

మిక్సర్‌లో కింది ఫ్రీక్వెన్సీలను కోసే లో-కట్ బటన్ నొక్కి ఉందేమో తప్పకుండా చూడండి. గాత్రం మైకుల అలవాటు కొద్దీ అది వేసే ఉంటుంది, చాలా మిక్సర్లలో 75 నుంచి 100 హెర్ట్జ్ మధ్య కోస్తుంది. అనుమంద్ర పంచమం 62 కదా! ప్రీయాంప్‌లో మార్చుకునే ఫిల్టర్ ఉంటే 40 దగ్గర పెట్టండి: వేదిక మీది అడుగుల చప్పుడు తగ్గుతుంది, తీగ మిగులుతుంది.

టోన్‌లో పెంచడం కంటే తగ్గించడం మేలు. పీజో ముక్కుగొంతు సాధారణంగా 1.5 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, అక్కడ 3 డెసిబెల్స్ దించి వినండి. కుండ కుయ్‌మంటే నాచ్‌ను (ఒక సన్నటి పట్టీని మాత్రమే కోసే ఫిల్టర్) ఇరుకు చేసి 100 నుంచి 250 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా జరపండి, కుయ్‌మనడం ఆగిన చోట వదిలేయండి. ఆపైన సిగ్నల్‌ని తలకిందులు చేసే ఫేజ్ స్విచ్ రెండు వైపులా వేసి చూసి, కుయ్‌మనడానికి ముందు ఎక్కువ వాల్యూమ్ ఇచ్చేది ఉంచండి. మైకు కూడా కలిపి వాడుతుంటే తీర్పు వేరు: రెండూ తెరిచి మంద్రం మీటి, బొద్దుగా వినిపించే ఫేజ్‌నే ఎంచుకోండి. సింహాచలం లాంటి రాతి మండపాల్లో రివర్బ్ అస్సలు వేయకండి, గమకం కరిగిపోతుంది.

మిక్సర్ దూరంగా ఉంటే ప్రీయాంప్ తర్వాత డీఐ బాక్స్ (సిగ్నల్‌ని పొడవాటి కేబుల్‌కి తగినట్టు మార్చే పెట్టె) పెట్టి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో పంపండి. హమ్ వస్తే ముందు డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో కేబుల్ గ్రౌండ్‌ను విడదీసే స్విచ్) నొక్కండి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేసి హమ్ ఆపేవాళ్లున్నారు. అది ప్రాణాంతకం, ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. అడాప్టర్ తీసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టినప్పుడు హమ్ పోతే దోషం అడాప్టర్ వైపు ఉన్నట్టే. ప్రీయాంప్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్‌తో చూస్తే బ్యాటరీ 8 వోల్టుల కిందికి దిగి ఉందా? కచేరీకి ముందే మార్చేయండి. చాలా పెట్టెల్లో ప్లగ్ దూర్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాయించడం అయిపోగానే తీసేయాలి.